పాఠకుల ప్రశ్నలు: ఇద్దరూ ఇంగ్లీషు టీచర్లు, కాపురం పరాయి దేశంలో

ప్రశ్న: నేను, నా భర్త ఇద్దరం పాఠశాలల్లో ఇంగ్లీషు బోధిస్తున్నాం. కొన్నేళ్లపాటు దక్షిణ కొరియాలోనో జపాన్‌లోనో కలిసి పనిచేయాలని ఉంది. ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగం, ఒకే ఇల్లు దొరుకుతాయా? అక్కడి రోజువారీ జీవితం ఎలా ఉంటుందో తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఊరి గురించీ ఇంటి గురించీ అడిగారు, వాటికన్నా ముందు తేల్చుకోవలసింది పనివేళల సంగతి. కొరియా ప్రభుత్వ పాఠశాలల్లో విదేశీ ఉపాధ్యాయుల పని ఉదయం మొదలై సాయంత్రానికి ముగుస్తుంది. హాగ్వాన్‌లనే ప్రైవేటు కోచింగ్ కేంద్రాలకు పిల్లలు బడి వదిలాక వస్తారు కాబట్టి, అక్కడి టీచర్లు చాలామంది మధ్యాహ్నం వెళ్లి రాత్రికి ఇల్లు చేరతారు. సియోల్‌లో రాత్రి 10 గంటల తరువాత ఇవి పాఠాలు చెప్పకూడదని నిబంధన ఉంది. జపాన్‌లో ఎయ్‌కైవా అనే సంభాషణ శిక్షణ కేంద్రాలకు ఉద్యోగస్థులు ఆఫీసు అయ్యాక, శని ఆదివారాల్లో ఎక్కువగా వస్తారు. అందువల్ల టీచరుకు సెలవు తరచుగా వారం మధ్యలో పడుతుంది. మీలో ఒకరు బడిలో, మరొకరు ఇలాంటి కేంద్రంలో చేరితే, ఒకే ఇంట్లో ఉంటూ చీటీలు రాసిపెట్టుకుని మాట్లాడుకోవలసి వస్తుంది. జీతం కొంత తగ్గినా సరే, ఇద్దరూ ఒకే వేళలున్న ఉద్యోగాలు చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

వేళలు ఒకటే కావాలన్నాను గాని, యజమాని ఒకరే కానక్కరలేదు. కొరియాలో టీచర్ల ఇ-2 వీసా, పని ఇచ్చిన సంస్థతో ముడిపడి ఉంటుంది. బస కూడా చాలాసార్లు ఆ సంస్థే ఇస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే సంస్థలో ఉండి అది మూతపడితే, రెండు జీతాలు, ఇల్లు, దేశంలో ఉండే హక్కు అన్నీ ఒక్కసారే ప్రశ్నార్థకమవుతాయి. వేర్వేరు సంస్థల్లో ఉంటే ఒకరి ఉద్యోగం పోయినా రెండోవారి జీతంతో నిలదొక్కుకునే వ్యవధి దొరుకుతుంది. ఇద్దరికీ విడివిడిగా బస ఇవ్వవలసిన చోట మీరు ఒకే ఇంట్లో ఉంటామంటే, రెండో ఇంటికి బదులు అద్దె భత్యం ఇస్తారేమో అడిగి, ఆ మాట ఒప్పందంలోనే రాయించుకోండి. నోటిమాటను నమ్ముకోవద్దు. జపాన్‌లో ఇల్లు మీరే వెతుక్కోవలసి వస్తే, ధరావతు, ఇంటి యజమానికి తిరిగిరాని కానుకగా ఇచ్చే రెయికిన్, హామీ సంస్థ రుసుము కలిసి మొదట్లోనే కొన్ని నెలల అద్దెకు సమానమైన సొమ్ము అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి.

జపాన్ 1987లో మొదలుపెట్టిన జెట్, కొరియా 1995లో మొదలుపెట్టిన ఎపిక్ వంటి, విదేశీయులను బడుల్లో ఇంగ్లీషు బోధనకు తీసుకునే ప్రభుత్వ పథకాలకు దంపతులైనా ఎవరి దరఖాస్తు వారు పెట్టుకోవాలి. ఏ ఊళ్లో వేస్తారన్నది పథకం వారి చేతిలోనే ఉంటుంది. దంపతులమని మొదట్లోనే స్పష్టంగా రాయండి. కొరియాలో పాస్‌పోర్టు కూడా అడ్డు రావచ్చు. ఇ-2 వీసాను ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఇస్తారు. భారతీయులకు 2010 నుంచి అమల్లో ఉన్న ద్వైపాక్షిక ఒప్పందం కింద, బోధనార్హత ఉన్నవారు పాఠశాలల్లో సహాయక ఇంగ్లీషు టీచర్లుగా వెళ్లే దారి ఒకటి ఉంది. డిగ్రీ పట్టాలతోపాటు వివాహ ధ్రువీకరణ పత్రానికి కూడా ఇక్కడే, విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర వేయించుకుంటే, అక్కడికి వెళ్లాక తంటాలు తగ్గుతాయి.

రోజువారీ జీవితంలో మీకున్న పెద్ద సౌకర్యం, ఒకరు తయారుచేసిన పాఠం ఇద్దరికీ పనికిరావడం. ఒకరు గీసిన బొమ్మల కార్డులు, ఆలోచించిన ఆటలు మరుసటి వారం రెండోవారి తరగతిలో నడుస్తాయి. అయితే బడి కబుర్లు ఇంటినంతా ఆక్రమించే ప్రమాదమూ అక్కడే ఉంది. పగలంతా చిన్న చిన్న వాక్యాల్లో, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడి వచ్చినవారికి, ఇంట్లో సొంత భాషలో గడగడా మాట్లాడుకోవడం ఎంత హాయిగా ఉంటుందో వెళ్లాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాలో ఒకరికే ఉద్యోగం వస్తే, డిపెండెంట్ వీసా మీద వెళ్లిన రెండోవారు ట్యూషన్లు చెప్పుకోవచ్చా?

జవాబు: కొరియాలో అలా వెళ్లినవారు సాధారణంగా పని చేయకూడదు. అక్కడ ఇ-2 వీసా మీద ఉన్న టీచరు సైతం ఇంట్లో ట్యూషన్ చెప్పడం నేరమే. జపాన్‌లో ఇమిగ్రేషన్ శాఖ నుంచి విడిగా అనుమతి తీసుకుంటే డిపెండెంట్ వారానికి 28 గంటల వరకు పని చేయవచ్చు. అనుమతి చేతికి రాకముందు ఒక్క గంట కూడా చెప్పవద్దు. పట్టుబడితే ఆ వీసాకే ముప్పు.

ప్రశ్న: ఆన్‌లైన్ టెఫెల్ (ఇంగ్లీషును పరభాషగా బోధించే శిక్షణ) సర్టిఫికెట్ సరిపోతుందా?

జవాబు: కొన్ని ఉద్యోగాలకు సరిపోతుంది. నేనైతే కేంబ్రిడ్జ్ వారి సెల్టా అనే టీచర్ల శిక్షణ కోర్సు చేయమంటాను. అందులో కనీసం 120 గంటల శిక్షణ, నిజమైన విద్యార్థుల ముందు, పరిశీలకుల సమక్షంలో 6 గంటల బోధన ఉంటాయి. డబ్బు ఒకరికే సరిపడా ఉంటే, తరగతి అనుభవం తక్కువగా ఉన్నవారు చేయండి.