మరాఠీ సినిమా ఎక్కడ మొదలుపెట్టాలి? షోలాపూర్ కోడలి జవాబు

ప్రశ్న: "జాతీయ అవార్డులు ప్రకటించిన ప్రతిసారీ మరాఠీ సినిమాల పేర్లు వినిపిస్తాయి. నేను ఒక్కటి కూడా చూడలేదు. మరాఠీ రానివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు వాళ్లకు అన్ని అవార్డులు ఎలా వస్తున్నాయి?"

మా పుట్టినూరు సిరిసిల్ల. 2002లో పెళ్లయి షోలాపూర్ వచ్చాను. ఇక్కడ తూర్పు వైపు పేటల్లో నడిస్తే మీకు మరాఠీ కంటే తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. తరాల కిందట సాంచాల (మరమగ్గాల) పని కోసం వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల ఇళ్లు అవి. మగవాళ్లు దుప్పట్లు, టవళ్లు నేస్తారు, ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుని బీడీలు చుడతారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. నాకు మరాఠీ సగం కూరగాయల బజారు నేర్పింది, సగం సినిమా నేర్పింది. అందుకే ఈ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

మొదట "సైరాట్" చూడండి. 2016 ఏప్రిల్‌లో వచ్చింది. దర్శకుడు నాగరాజ్ మంజులేది మా షోలాపూర్ జిల్లాలోని జేవూర్, హీరోయిన్ రింకూ రాజ్‌గురుది ఇదే జిల్లాలోని అక్లూజ్. అప్పటికి ఆ అమ్మాయి ఇంకా బడిలో చదువుతోంది. మొదటి సినిమాకే జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస అందుకుంది. ఊరి పెద్ద కూతురు ఆర్చీ, చేపలు పట్టే ఇంటి కుర్రాడు పర్శ్యా ప్రేమించుకుంటారు. కథ ఇంతే చెబుతాను. ఒక తెలుగువాడికి ఈ సినిమానే ముందు ఎందుకు చూపించాలంటే, సగం తర్వాత ఆ ఇద్దరూ పారిపోయి వచ్చేది హైదరాబాద్‌కే.

మేం చూసిన రోజు హాలు కిటకిటలాడింది. నేను, తోడికోడలు, మా అత్తమ్మ. "జింగాట్" పాటకు ముందు వరసల్లో కుర్రాళ్లు కుర్చీలెక్కి ఆడారు. తర్వాత హైదరాబాద్ వచ్చింది, తెరమీద తెలుగు మాటలు వినబడ్డాయి. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని "మనోళ్లే" అంది. ఆర్చీ పనిలో చేరి, తోటి పనివాళ్ల దగ్గర తెలుగు ముక్కలు నేర్చుకుంటుంటే మా వరసంతా మురిసిపోయింది. ఊరుగాని ఊళ్లో రాని భాషలో బతకడమంటే ఏమిటో మా అత్తమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దిక్కులేని ఆ జంటకు చోటిచ్చే దోసెల బండి సుమన్ అక్కగా ఛాయా కదమ్ వేసింది. ఆమె మాట్లాడే తీరు, విసుక్కునే తీరు, విసుక్కుంటూనే చేసే సాయం చూస్తే మీ వీధిలో మనిషే గుర్తొస్తుంది.

చివర్లో శబ్దం మొత్తం ఆగిపోతుంది. పాటకు కుర్చీలెక్కిన కుర్రాళ్లే కదలకుండా కూర్చున్నారు. లైట్లు వెలిగాక కూడా చాలాసేపు ఎవరూ లేవలేదు. అత్తమ్మ చెయ్యి ఇంకా నా మోచేతి మీదే ఉంది. ఆటోలో ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తాళం తీస్తుంటే మాత్రం, "ఆ పిల్లగాన్ని ఇంక ఎవరు సాదుతరో" అంది. ఆ మాట ఎందుకందో సినిమా చూస్తే తెలుస్తుంది. హిందీలో "ధడక్" పేరుతో తీశారు, కన్నడలో, పంజాబీలో కూడా తీశారు. ముందుగా వాటి జోలికి పోకండి. అసలుదే చూడండి.

సైరాట్ నచ్చితే అదే దర్శకుడి మొదటి సినిమా "ఫండ్రీ" చూడండి. పేరుకు అర్థం నేనెవర్నీ అడగలేదు. అది కైకాడీ మాట, మరాఠీ కాదు. కైకాడీ మన భాషల కుటుంబానికి చెందినదే. ఫండ్రీ అంటే పంది. ఊళ్లో తిరిగే పందుల్ని పట్టడం కథలోని ఒక ఇంటివాళ్ల మీద ఊరు మోపిన పని. ఆ ఇంటి పిల్లాడు జబ్యాకు బళ్లో ఒక అమ్మాయంటే ఇష్టం. ఇంటిల్లిపాదీ పంది వెంట పరిగెడుతుంటే, పక్కనున్న బళ్లో జనగణమన మొదలవుతుంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. పంది మాత్రం వాళ్ల కళ్లముందే వెళ్లిపోతుంటుంది. ఆ ఒక్క నిమిషంలో ఎన్ని పుస్తకాల మాటలు చెప్పేశాడో! జబ్యాగా వేసిన సోమ్‌నాథ్ అవ్‌ఘడేకు ఉత్తమ బాలనటుడిగా, మంజులేకు తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డులు వచ్చాయి.

ఈ రెండు సినిమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది యాస. పుణె మరాఠీయే శుద్ధమైన మరాఠీ అన్న భావన ఇక్కడ బలంగా ఉంటుంది. మా వైపు పల్లె మాట నవ్వించడానికే పనికొస్తుందన్నట్టు చాలాకాలం వాడారు. తెలంగాణ యాసకు మన సినిమాల్లో ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టి ఆ బాధ వెంటనే అర్థమైంది. "బలగం" చూసి సిరిసిల్లలో మా అమ్మ ఎంత పొంగిపోయిందో, ఆర్చీ నోట షోలాపూర్ మరాఠీ విని మా పక్కింటి ఆవిడ అంతే పొంగిపోయింది.

ఇక అవార్డుల సంగతి. నేను ఇరవై ఏళ్లకు పైగా చూసి తెలుసుకున్నదాన్ని బట్టి అసలు కారణం నాటకం. ఇక్కడ నాటకం ఇంకా బతికే ఉంది. టికెట్ కొని చూసేవాళ్లున్నారు. కాలేజీల మధ్య ఏకాంకికల పోటీలుంటాయి, ఏటా రాష్ట్ర ప్రభుత్వం నాటక పోటీలు పెడుతుంది. మా వీధి చివర బ్యాంకులో పనిచేసే ఒకతను ఉన్నాడు. పోటీల ముందు రెండు నెలలు సాయంత్రం ఏడు దాటితే ఇంట్లో దొరకడు. ఒకసారి టిఫిన్ ఇచ్చి రమ్మంటే నేను రిహార్సల్‌కు వెళ్లాను. పెళ్లిళ్లు చేసే చిన్న హాలు, పైన ఒక ట్యూబ్‌లైటు. ఒక ముసలాయన పాత్ర ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకోవాలి, అంతే. ఆ మడవడాన్ని పదకొండు సార్లు చేయించారు. "చదివింది మాకు తెలియాలి, నువ్వు చెప్పకుండా తెలియాలి" అంటాడు దర్శకుడు. పన్నెండోసారి అతను మడవలేదు. చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హాల్లో ఎవరూ ఊపిరి తీయలేదు. ఇలాంటి హాళ్లు ఊరూరా ఉంటే అక్కడి నుంచి వచ్చే నటులు ఎలా ఉంటారో ఊహించుకోండి.

పెద్ద పేర్లే చూడండి. నటుల్లో శ్రీరామ్ లాగూ చెవి, ముక్కు, గొంతు డాక్టరు. మోహన్ ఆగాశే మానసిక వైద్యుడు. "సామ్నా", "సింహాసన్", "ఉంబర్ఠా" తీసిన జబ్బార్ పటేల్ పిల్లల డాక్టరు, పుట్టింది మన పండరీపురంలో. ముగ్గురూ నాటకం నుంచి వచ్చినవాళ్లే. "జయం మనదేరా"లో మీరు చూసిన అతుల్ కులకర్ణి కూడా షోలాపూర్‌లో చదువుకుని, ఇక్కడి నాటక బృందంలో ఓనమాలు దిద్దినవాడే. ఆయనకు రెండు జాతీయ అవార్డులున్నాయని ఎంతమంది తెలుగువాళ్లకు తెలుసు? సాయాజీ షిండే, సచిన్ ఖేడేకర్, ఉపేంద్ర లిమయే... వీళ్లందరి ముఖాలూ మనకు తెలుసు. "సంక్రాంతికి వస్తున్నాం"లో నవ్వించిన ఉపేంద్ర లిమయేకు "జోగ్వా" సినిమాలో ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. దేవికి అర్పించేసిన కుర్రాడు చీర కట్టుకుని జోగతగా బతకాల్సి వచ్చే కథ అది. అజయ్-అతుల్ సంగీతానికి కూడా అవార్డు వచ్చింది. మన సినిమాలో తెలిసిన ముఖం వాళ్ల ఇంట్లో, వాళ్ల భాషలో ఎలా ఉంటుందో చూడటమే మంచి దారి అని నా అభిప్రాయం.

రెండో కారణం "శ్వాస్". 1954లో మొట్టమొదటి జాతీయ అవార్డులు ఇచ్చినప్పుడు ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకున్నది మరాఠీ సినిమాయే, ఆచార్య అత్రే తీసిన "శ్యామ్‌చీ ఆయీ". ఆ తర్వాత ఆ పెద్ద బహుమతి మళ్లీ మరాఠీకి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. పక్కనే బొంబాయి హిందీ సినిమా మర్రిచెట్టులా ఉంటే దాని కింద ఏం మొలుస్తుంది? 2004లో "శ్వాస్" వచ్చి ఆ దిగులు తీర్చింది. ఆస్కార్‌కు మన దేశం తరఫున వెళ్లింది. అక్కడి ప్రచారం ఖర్చుల కోసం జనం చందాలు వేసుకున్నారు.

కొంకణ్ పల్లెలో ఉండే ఒక తాత, కంటి క్యాన్సర్ వచ్చిన మనవడు. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, చూపు పోతుంది. ఆపరేషన్‌కు ముందు ఆ తాత పిల్లాణ్ని ఆసుపత్రి నుంచి ఎవరికీ చెప్పకుండా బయటికి తీసుకుపోతాడు, కళ్లు ఉన్నప్పుడే లోకం చూపించాలని. మా మామయ్య సినిమాలకు వచ్చే మనిషి కాదు. ఆదివారం సాంచాలు ఆపి, ఎవరో చెప్పారని మమ్మల్ని తీసుకెళ్లాడు. మా పెద్దోడికి అప్పుడు పది నెలలు, నా ఒళ్లో నిద్రపోతున్నాడు. తెరమీద తాతా మనవళ్లు ఊరు చూస్తుంటే మామయ్య లేచి, ఏమీ అనకుండా పిల్లాణ్ని నా ఒళ్లోంచి తీసుకున్నాడు. మిగతా సినిమా అంతా తలుపు దగ్గర నిలబడి, వాణ్ని భుజాన వేసుకునే చూశాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆ సినిమా టీవీలో వస్తే నేను తెర కంటే తలుపు వైపే ఎక్కువ చూస్తాను.

శ్వాస్ తర్వాత దారి తెరుచుకుంది. "దేవూళ్", "కోర్ట్", "కాసవ్" ఒకదాని తర్వాత ఒకటి జాతీయ ఉత్తమ చిత్రాలయ్యాయి. దేవూళ్ ఆ ఏడు కోస్తా కర్ణాటకలో మాట్లాడే బ్యారీ భాషా చిత్రంతో కలిసి పంచుకుంది. ఒక అమాయకుడికి దత్తాత్రేయుడు కనబడ్డాడన్న మాట పట్టుకుని ఊరు ఊరంతా గుడి కట్టి వ్యాపారంలో పడిపోయే కథ. మన ఊళ్లలో కూడా జరిగేదే కాబట్టి వెంటనే ఎక్కుతుంది. కోర్ట్ మాత్రం మొదట చూడకండి. 2025లో తెలుగులో వచ్చిన కోర్ట్ వేరు, ఇది చైతన్య తమ్హాణే 2014 సినిమా. పాట పాడి ఒకరి ఆత్మహత్యకు కారణమయ్యాడని ఒక జానపద గాయకుడి మీద కేసు. కెమెరా కదలదు, వాయిదాల మీద వాయిదాలు. కోర్టు మెట్లెక్కినవాళ్లకు ఆ ఓపిక ఎందుకో తెలుస్తుంది. నాలుగైదు మరాఠీ సినిమాలు చూశాక చూస్తే గుండెకు తగులుతుంది, ముందే చూస్తే ఆపేస్తారు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. అవార్డుల జాబితా పట్టుకుని వెళితే మరాఠీ సినిమా అంటే కన్నీళ్లేనని అనుకుంటారు. ఇక్కడి ఇళ్లలో 1988 నాటి "అశీ హీ బన్వాబన్వీ" డైలాగులు పిల్లలకు కూడా నోటికి వచ్చు. అశోక్ సరాఫ్, లక్ష్మీకాంత్ బేర్డే, సచిన్ ముగ్గురూ కలిసి పండించిన నవ్వు అది. హాస్యనటుడు దాదా కోండ్కే సినిమాలు తొమ్మిది వరసగా సిల్వర్ జూబ్లీ ఆడాయి. మా మామయ్యకు ఆయన పేరు చెబితేనే నవ్వొచ్చేది. అది చూడకుండా మరాఠీవాళ్ల ఇల్లు మీకు తెలియదు.

పాతవి ఇష్టపడేవాళ్లయితే 1936 నాటి "సంత్ తుకారామ్". పుణెలోని ప్రభాత్ కంపెనీ తీసింది, వెనిస్ దాకా వెళ్లి గుర్తింపు తెచ్చుకుంది. ఆ ప్రభాత్ స్టూడియో స్థలంలోనే ఇప్పుడు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏఎన్ఆర్ "భక్త తుకారాం" చూసి పెరిగిన మీ ఇంటి పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. భాష రాకపోయినా వాళ్లే మీకు కథ చెబుతారు.

"రంగమార్తాండ" చూసినవాళ్లకు నానా పాటేకర్ "నటసామ్రాట్" సులువుగా అందుతుంది. తెలుగులో బ్రహ్మానందం వేసిన స్నేహితుడి పాత్ర మరాఠీలో విక్రమ్ గోఖలే వేశాడు. నాకు రెండూ ఇష్టమే. ఆసుపత్రి మంచం దగ్గరి సన్నివేశం మాత్రం రెండిటిలో వరసగా చూడండి. ఎవరు బాగా చేశారన్నది వదిలేసి, ఎవరు ఎక్కడ ఆగారో గమనించండి.

ఇబ్బంది ఏమిటంటే చాలావాటికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే ఉంటాయి, తెలుగువి దొరకడం కష్టం. మా అమ్మ సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడు నేనే పక్కన కూర్చుని చెబుతాను. రెండో సినిమాకే ఆమె నన్ను ఆపేసి "నాకు సమజైతుంది, నువ్వు ఊకో" అంది.

సైరాట్ చూశాక ఇక్కడే రాయండి. మేం షోలాపూర్‌లో కూర్చుని ఆ హైదరాబాద్‌ను చూశాం. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు సుమన్ అక్క ఎలా అనిపించిందో నాకు వినాలని ఉంది.