హెపటైటిస్-బి టీకా పని చేసిందో లేదో ఎక్కడ చూడాలి

అమ్మా,

కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-బి వైరస్ సోకకుండా దేశమంతటా పిల్లలకు వేస్తున్న టీకా వల్ల ఎంత మేలు జరిగిందో తేల్చే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. చాలాకాలం ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

మొట్టమొదట నీ ముందుకొచ్చేది కవరేజి రిపోర్టు, అంటే ఎంత శాతం పిల్లలకు టీకా వేశారో చెప్పే లెక్క. కొన్ని జిల్లాల్లో అది 100 శాతం దాటి కూడా ఉంటుంది. పుట్టిన పిల్లల సంఖ్యను తక్కువగా అంచనా వేసినచోట అలాగే వస్తుంది. పైగా ఈ టీకా గడ్డకడితే పాడైపోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. పాడైన మందు వేసినా రిజిస్టర్‌లో డోసు వేసినట్టే ఉంటుంది. అందుకే రిపోర్టు చదువు, కానీ దాన్నే ఫలితం అనుకోకు.

రోగుల లెక్కల్లోనూ ఫలితం దొరకదు. పసివాళ్లకు ఈ వైరస్ సోకితే చాలావరకు పైకి ఏమీ కనిపించదు. కామెర్లు రావు, ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. అయినా పుట్టినప్పుడు తల్లి నుంచి సోకినవాళ్లలో దాదాపు 90 శాతం మందిలో అది శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా మిగిలేది 5 శాతం లోపే. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడిపోవడం), కాలేయ కేన్సర్ బయటపడేది దశాబ్దాల తర్వాత. కాబట్టి కార్యక్రమం మొదలయ్యాక పుట్టిన పిల్లల రక్తంలో వైరస్ ఆనవాలైన హెచ్‌బీఎస్‌ఏజీ ఎంతమందికి ఉందో చూడాలి. నీ పనికి ప్రాణం అదే.

చైనా చేసింది ఇదే. 1992, 2006, 2014 సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా రక్త సర్వేలు జరిపారు. 1-4 ఏళ్ల పిల్లల్లో హెచ్‌బీఎస్‌ఏజీ 9.67 శాతం నుంచి 0.96కి, అక్కడి నుంచి 0.32కి దిగింది. 1992 నాటి అంకె చేతిలో లేకపోతే తర్వాతివాటికి అర్థమే ఉండేది కాదు. నీ దగ్గర పాత సర్వే లేకపోతే, టీకా రాకముందు పుట్టినవాళ్లతో పోల్చు. అయితే వాళ్లు వయసులో పెద్దవాళ్లు, వైరస్ తగిలే అవకాశాలూ వాళ్లకే ఎక్కువ. ఈలోగా రక్తనిధుల్లో పరీక్షలు, ఒక్కసారే వాడే సిరంజిలు కూడా వచ్చి ఉంటాయి. తగ్గుదల మొత్తాన్నీ టీకా ఖాతాలో వేయకు. పశ్చిమ ఆఫ్రికా దేశం గాంబియాలో 1986 నుంచి టీకాను ఒక్కో ప్రాంతానికీ విడతలుగా ఇచ్చుకుంటూ వెళ్లారు. దానివల్ల టీకా పడినవాళ్లూ పడనివాళ్లూ దాదాపు ఒకే ఈడు పిల్లల్లో దొరికారు. పోలిక నిలబడాలంటే అంత ముందుచూపు కావాలి.

ఇక శాంపిల్ దగ్గర కాస్త నిలబడి ఆలోచించు. ఐదేళ్ల లోపు పిల్లల్లో హెచ్‌బీఎస్‌ఏజీ 0.1 శాతానికి మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. 3,000 మందిని పరీక్షించి ఒక్కరికీ లేదని తేలితేనే, అసలు శాతం 0.1కి మించదని కాస్త ధీమాగా చెప్పగలవు. ఊళ్లవారీగా గుంపులుగా తీసుకుంటే ఇంకా ఎక్కువమంది కావాలి. పరీక్ష చేసే కిట్ సంగతీ అంతే. వైరస్ లేనివాళ్లలో 99.5 శాతం మందికి సరిగ్గా నెగెటివ్ చూపే కిట్ చాలా మంచిదనిపిస్తుంది. కానీ 3,000 మందిలో అది 15 మందికి తప్పుగా పాజిటివ్ చూపుతుంది. నిజంగా వైరస్ ఉన్నది ముగ్గురికే కావచ్చు! ప్రతి పాజిటివ్‌నీ ల్యాబ్‌లో మళ్లీ నిర్ధారించుకోకుండా ఒక్క అంకె కూడా బయటికి ఇవ్వకు. టీకా వేసిన కొద్ది రోజుల్లోనే రక్తం తీసినా టీకాలోని పదార్థమే పాజిటివ్‌గా కనిపించవచ్చు.

యాంటీబాడీల (టీకా వల్ల రక్తంలో తయారయ్యే రక్షక పదార్థాల) విషయంలో తొందరపడి కంగారు పడకు. టీనేజ్‌కి వచ్చేసరికి చాలామందిలో అవి రక్షణకు గుర్తుగా చూసే హద్దు, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్ల (mIU/mL) కంటే కిందికి పోతాయి. టీకా ఓడిపోయిందని దాని అర్థం కాదు. శరీరానికి ఆ జ్ఞాపకం ఉంటుంది, వైరస్ ఎదురైతే మళ్లీ తయారు చేసుకుంటుంది.

సగటు అంకె వచ్చాక దాన్ని విడగొట్టు. మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపు పడిందా లేదా అన్నది ఫారంలో గంటలతో సహా రాయించు. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా అడ్డుపడేది ముఖ్యంగా ఆ డోసే. ఇంట్లో కాన్పయిన పిల్లలకు అదే తప్పిపోతుంది. బడుల్లో మాత్రమే సర్వే చేస్తే బడికి రాని పిల్లలు నీ లెక్కలోకే రారు. టీకా అందనిది ఎక్కువగా వాళ్లకేనన్న సంగతి మరిచిపోకు.

కేన్సర్ తగ్గిందా అని పైవాళ్లు అడుగుతారు. తైవాన్‌లో 1984లో టీకా మొదలయ్యాక, 6-14 ఏళ్ల పిల్లల్లో కాలేయ కేన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కి తగ్గింది. అది చూపడానికి కేన్సర్ కేసులన్నీ నమోదయ్యే మంచి రిజిస్ట్రీ, పదేళ్ల ఓపిక అవసరమయ్యాయి. నీ మొదటి రిపోర్టులో దాని జోలికి వెళ్లకు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. పాజిటివ్ వచ్చిన బిడ్డ నీకు శాంపిల్ నంబర్ కాకూడదు. సర్వే మొదలుకాకముందే ఏర్పాట్లు చెయ్యి: తల్లిదండ్రులకు గోప్యంగా ఎవరు చెబుతారు, తల్లికీ తోబుట్టువులకూ పరీక్ష ఎక్కడ, టీకా పడనివాళ్లకు ఎవరు వేస్తారు, ఆ బిడ్డ కాలేయాన్ని ఏటా ఎవరు చూస్తారు. ఆ ఖర్చును బడ్జెట్‌లో విడిగా చూపించు. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకు. బడికి ఆ పిల్లల పేర్లు వెళ్లకూడదని కూడా రాతపూర్వకంగా తీసుకో.

ఫారం ముసాయిదా తయారవగానే పంపించు, చూసి నా మాట రాస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి