మూడడుగుల మట్టిలో ముల్లంగా, మోండో గ్రాసా?

బనశంకరి, బెంగళూరు
జులై మొదటి వారం

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ నువ్వు ఎప్పుడూ ఏదో మీటింగులో ఉంటావు, సగం విని "సరే పెద్దమ్మా" అంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని చదువు.

ఇంటికీ కాంపౌండు గోడకీ మధ్య మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు మట్టి దొరికిందని సంబరపడుతున్నావు. 30×40 అడుగుల సైట్లలో గోడకి గోడ ఆనించి కట్టేసే ఈ ఊళ్ళో అది సంబరపడాల్సిన సంగతే. అక్కడ ముల్లంగి వెయ్యాలని నీకు, ఇంటర్నెట్‌లో చూసిన మోండో గ్రాస్ పచ్చగా పరిపించాలని మీ ఆయనకు. ఏది మంచిదో చెప్పమన్నావు. ఏది మంచిదని కాదే, ఆ మట్టి మీద ఎండ ఎప్పుడు పడుతుందో ముందు చూడు.

నీ ఫొటోలో మట్టంతా ఎండ కళకళలాడుతోంది. కానీ అది జూన్‌లో తీసిన ఫొటో. ఆ మట్టి మీ ఇంటికి ఉత్తరం వైపు ఉంది. మన బెంగళూరులో ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద నుంచి కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. ఆ మూడున్నర నెలలూ ఉత్తరం గోడ పక్కన ఎండ బాగా పడుతుంది. ఆ తర్వాత సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు, మీ రెండంతస్తుల ఇంటి నీడ ఆ మట్టి మీద పడుతుంది. డిసెంబరులో అక్కడ నిలబడితే స్వెట్టర్ కావాలి.

ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకూ ఉత్తరం వైపే జానెడు మట్టి దొరికింది. ముల్లంగికి చలికాలం మంచిదని మదనపల్లెలో మా అమ్మ చెప్పిన మాట పట్టుకుని నవంబరులో విత్తనాలు చల్లాను. ఆకు ఏం వచ్చిందనుకున్నావు! మోకాలెత్తు, నవనవలాడుతూ. పక్కింటావిడ దిష్టి పెడుతుందేమోనని భయపడ్డాను కూడా. రెండు నెలల తర్వాత పీకి చూస్తే కింద ఎలుక తోకంత వేరు. ముల్లంగికి రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి, లేకపోతే ఉన్న బలమంతా ఆకుకే పోతుంది. మీ పెదనాన్న వారం రోజులు ఆకు కూర తిని, "ఈసారి పాలకూరే వెయ్యి, కనీసం మోసపోయామన్న బాధ ఉండదు" అన్నారు.

కాబట్టి నా సలహా ఇది. ఇప్పుడే, ఈ వారంలోనే ముల్లంగి వెయ్యి. సెప్టెంబరులో నీడ రాగానే మీ ఆయన మోండో గడ్డి పెట్టుకోవచ్చు. ఇద్దరి మాటా నెగ్గుతుంది.

విత్తనం పూసా చేత్కి అడుగు. అది ఎండ కాస్త ఎక్కువున్నా తట్టుకునే రకం, 40 నుంచి 45 రోజుల్లో చేతికొస్తుంది. ఇప్పుడు వేస్తే ఆగస్టు మూడో వారానికి పీకేస్తావు, సూర్యుడు మొహం తిప్పుకునే లోపల. మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన అర్కా నిశాంత్ కూడా బాగుంటుంది. తెల్లగా, పొడవుగా, తొందరగా బెండు పట్టకుండా, అంటే లోపల గుల్లబారకుండా ఉంటుంది. కానీ దానికి 50, 55 రోజులు పడుతుంది. దాన్ని చలికాలానికి దాచుకుని, ఓనరు ఒప్పుకుంటే మేడ మీద ఎండలో అడుగు లోతున్న గ్రో బ్యాగుల్లో వేసుకో.

ఇక మట్టి. ఫొటోలో ఆ మూలన తెల్లగా కనిపించేది సిమెంటు పెళ్ళ. అలాంటివి లోపల ఇంకెన్ని ఉన్నాయో. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకరంతా మేస్త్రీలు అక్కడే పూడ్చేస్తారు. ముల్లంగి వేరు దిగుతూ దిగుతూ రాయి తగిలితే రెండుగా చీలుతుంది, ప్యాంటు వేసుకున్న బొమ్మలాగా. తినడానికి ఇబ్బంది లేదు గానీ తొక్క తీయడానికి ప్రాణం పోతుంది. గునపంతో ముప్పావు అడుగు లోతు తవ్వి, రాళ్ళు చేత్తో ఏరెయ్యి. ఒక ఆదివారం పోతుంది, పోనీ. పేడ ఎరువు వేస్తే బాగా మాగినదే వెయ్యి. పచ్చి పేడకి కూడా వేళ్ళు చీలతాయి. యూరియా మాత్రం ముట్టుకోవద్దు, మళ్ళీ నా ఆకుకూర కథే.

మట్టిని జానెడెత్తు బోదెలుగా, అంటే పొడవాటి చిన్న గట్లుగా లాగి, బోదె నడినెత్తిన వేలి గోరంత లోతులో గింజలు వెయ్యి. బోదెకీ బోదెకీ అడుగు దూరం. నారు పోసి నాటడం లాంటివి దీనికి కుదరవు. లేత వేరు ఒకసారి వంగిందంటే ఇక వంకరే. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. రెండు వారాలకు ఒత్తు మొక్కలు పీకెయ్యాలి, మొక్కకీ మొక్కకీ నాలుగు వేళ్ళ దూరం ఉండేలా. నీకు పీకబుద్ధి కాదని నాకు తెలుసు. చిన్నప్పుడు చీమల్ని కూడా ఊది పక్కకి పంపించేదానివి. అయినా పీకు. పీకిన లేత మొక్కలు పెసరపప్పులో వేసి తాలింపు పెట్టు, ఆ బాధ పోతుంది.

వానాకాలం కదా, ఆఫ్రికా నత్తలు వస్తాయి. అరచేతంత ఉంటాయి, గోడ మీద నుంచి దిగుతాయి, ఒక్క రాత్రిలో బోదె మొత్తం నున్నగా చేసేస్తాయి. రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసుకుని వెళ్ళు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఏరి, ఉప్పు నీళ్ళ బకెట్లో వెయ్యి. కొంతమంది మట్టి మీదే ఉప్పు చల్లుతారు. అలా చేస్తే నత్తతో పాటు మట్టి కూడా పోతుంది. ఆకు వెనక పేనుబంక కనిపిస్తే నీళ్ళలో కాస్త వేపనూనె, చుక్క సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు.

నీళ్ళు ఒకరోజు కుండపోతగా పోసి మూడు రోజులు మర్చిపోతే గడ్డ పగులుతుంది. కొద్దికొద్దిగా, తేమ ఆరకుండా పొయ్యి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు చాలు. 2024 మార్చిలో ఊరంతా నీళ్ళకి అల్లాడినప్పుడు తాగే నీళ్ళు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి వాళ్ళు చెప్పారు, గుర్తుందిగా? అప్పటి నుంచి మా వంటింట్లో సింకు పక్కన ఒక బకెట్ శాశ్వతంగా ఉండిపోయింది. ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్ళు మాత్రం రోజూ పోయకు, వాటిలో ఉప్పులెక్కువ.

ఎప్పుడు పీకాలో మొక్కే చెబుతుంది. ముప్పై అయిదు రోజులు దాటాక ఒక పొద్దున్న చూస్తావు, గడ్డ భుజం మట్టి పైకి తేలి, తెల్లగా, మెడ దగ్గర కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది. ఆకుల్ని మొదట్లో కలిపి పట్టుకుని, అటూ ఇటూ ఒకసారి కదిపి నిటారుగా లాగు. తడి మట్టిలోంచి వస్తున్నప్పుడు చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు కోసమే నేను ఇన్నేళ్ళుగా ఇది పండిస్తున్నానేమో. ఇంకా లావవుతుందని ఆశపడి వదిలేస్తే లోపల బెండు పడుతుంది, ఆపైన పూత కాడ లేస్తుంది. ఒకేసారి పన్నెండడుగులూ విత్తావంటే వారమంతా సాంబారే. ఇంట్లో ఆ వాసనకి మీ ఆయన ఏమంటాడో నాకు తెలీదు. సగం ఇవాళ, సగం వారం తర్వాత విత్తు.

ఇక మోండో. పేరుకి గ్రాస్ గానీ అది గడ్డి జాతి కాదు, ఆస్పరాగస్ కుటుంబంలోది. జపాన్, చైనా వైపు మొక్క. నీడలో హాయిగా ఉంటుంది, మన మే నెల ఎండ నేరుగా పడితే కొసలు గోధుమ రంగుకి తిరుగుతాయి. పెరగడం మాత్రం నత్తనడక. మొక్కలు జానెడు దూరంలో పెడితే నేల కనిపించకుండా అల్లుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. మీ అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలు. ఆ పచ్చటి తివాచీ మీద మీ తర్వాత వచ్చేవాళ్ళు ఫొటోలు దిగుతారు. నర్సరీ అబ్బాయి వంద సంచులు కావాలంటే మీ ఆయన ఊఁ అనకుండా చూడు. పది చాలు. ఒక్కో సంచిలోని దుబ్బుని వేళ్ళతో సహా మూడు నాలుగు పిలకలుగా విడదీయొచ్చు. ఇల్లు మారేటప్పుడు రెండు దుబ్బులు తవ్వి డబ్బాలో పెట్టుకుంటే కొత్తింట్లోనూ అవే.

సిద్ధాపుర నర్సరీలకి వెళితే ఒక్క సంగతి చూసుకో. మోండో అడిగితే కొందరు లిరియోపి ఇస్తారు. రెండూ చుట్టాలే, అదీ బాగానే ఉంటుంది, కానీ ఆకు వెడల్పు. పూత ఉంటే సులువుగా తెలుస్తుంది. లిరియోపి ఊదారంగు పూలకంకి ఆకుల పైకి నిటారుగా లేస్తుంది, మోండో పూలు ఆకుల అడుగునే దాక్కుంటాయి. మోండో కాయలు పూసల్లాగా ముదురు నీలం, లిరియోపివి నలుపు. పిల్లలు వచ్చినప్పుడు ఆ నీలం కాయలు నోట్లో పెట్టుకోకుండా చూడు.

దుబ్బు విడదీసేటప్పుడు వేళ్ళకి వేరుశనగ గింజల్లాంటి చిన్న గడ్డలు కనిపిస్తాయి. జబ్బేమో అని భయపడకు, అది దాని నీళ్ళ డబ్బా. చైనా వైద్యంలో వాడతారట. మీ ఆయనకి చెప్పకు, కషాయం పెడతానంటాడు.

నిజం చెప్పమంటే నాకు మోండో మీద పెద్ద ప్రేమ లేదు. కోయడానికి, వండటానికి, పక్కింటికి పంపడానికి ఏమీ ఇవ్వని మొక్కకి నీళ్ళెందుకు పొయ్యాలనిపించేది. కానీ ఆ ఆకుకూర సంవత్సరం తర్వాత నా ఉత్తరం మట్టిలో కొత్తిమీర వేశాను, పోయింది. మెంతి వేశాను, కుళ్ళింది. వానకి బురద లేచి గోడంతా మరకలు. చివరికి ఎవరో పారేసిన నాలుగు మోండో పిలకలు తెచ్చి గుచ్చాను. ఇప్పుడు గోడకి మరకలు లేవు, నెలకోసారి తప్ప నేనక్కడికి వెళ్ళే పనే లేదు. తొక్కే దారిలో మాత్రం పెట్టకండి, రోజూ కాళ్ళ కింద నలిగితే కోలుకోదు. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి ఆ పక్కనుంచే వస్తాడుగా, అడుగున్నర దారి రాళ్ళు వేసి వదిలెయ్యండి.

ఆగస్టు పదిహేను పండగకి లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్ళాలంటే పొద్దున్నే వెళ్ళాలి, తొమ్మిది దాటితే జనాన్ని చూడటమే. నేనూ వస్తాను. అక్కడి నుంచి సిద్ధాపుర దగ్గరే, మోండో సంచులు కలిసి చూద్దాం. అప్పటికి నీ మొదటి బోదె పీకే వేళవుతుంది. ఆకులు పారెయ్యకుండా నాకు పట్టుకురా, మీ పెదనాన్న ఇప్పుడు అడిగి మరీ తింటున్నారు.

ఇట్లు
మీ పెద్దమ్మ