కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని మహేంద్రగిరి ఎక్కుతానంటున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అదీ ఇదీ మాట్లాడి చివర్లో "నీ మేనకోడలు ఫ్రెండ్సుతో మహేంద్రగిరి ఎక్కుతాదంట, మందస దాకా బైకుల మీద, అక్కణ్ణించి నడకంట, పైన టెంట్లేసుకుని పడుకుంటారంట, తిరిగొచ్చేటప్పుడు బారువలో సముద్ర స్నానమంట" అన్నాడు. సంతోషమే వేసింది నాకు, నిజంగా. మా రోజుల్లో శివరాత్రి జాతరకి ఆ కొండకి వెళ్తామన్నా ఇంట్లో మగాళ్ళు నలుగురు తోడుంటేనే పంపేవారు, నువ్వేమో మైనస్ నాలుగున్నర కళ్ళేసుకుని 1,500 మీటర్ల కొండెక్కుతానంటున్నావు, శభాష్ అనుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు "కళ్ళజోడు అడ్డమని లెన్సులు తెప్పించుకుందిలే ఆన్‌లైన్లో" అన్నాడు చూడు, ఇంక నాకు నిద్ర పట్టలేదు.

వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావు. అందుకే టైపు చేస్తున్నాను, తప్పులుంటే నువ్వే సర్దుకుని చదువుకో.

చిన్నచిన్నవి ముందు చెప్పేస్తాను. నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళు. బూట్లు కొత్తవైతే వారం ముందు నించీ ఇంట్లో వేసుకుని తిరుగు. చీకటి పడకముందే టెంట్లు వేసేసుకోండి. బండి మీద హెల్మెట్ అద్దం దించే ఉంచు. అంతే, ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు కళ్ళ సంగతి. లెన్సులంటే నాకు పగ అనుకోకు. వాటి సుఖం నాకు తెలుసు, మన ఇంట్లో మొదట పెట్టుకున్నదాన్ని నేనే. కొండ మీద మంచు దిగితే కళ్ళజోడుకి ఆవిరి పట్టేస్తాది, చెమటకి ముక్కు మీంచి జారిపోతాది, వాన చినుకులు పడితే తుడుచుకోడానికే సరిపోతాది, ఫ్రేముకి పక్కనున్నదంతా మసకే. లెన్సుకి ఆ బాధలేవీ లేవు, పైన మామూలు కూలింగ్ గ్లాసులు కూడా పెట్టుకోవచ్చు. మీ మామ్మ అప్పట్లో "అది జారి తలలోకి పోతాదేటే" అని హడలిపోయేది, అలగేం పోదులే, కంటి వెనక్కి దారి లేదు.

కానీ లెన్సు కన్నుకి తలుపు కాదే. కొండెక్కేటప్పుడు ముందు నడిచినోడు కొమ్మ పక్కకి తోసి వదిలేస్తాడు, అది తిరిగొచ్చి వెనకున్నోళ్ళ మొహం మీద కొడతాది. కళ్ళజోడుంటే అద్దం మీద గీత పడతాది, లెన్సుంటే కన్ను మీదే పడతాది. మన ఊళ్ళో కోతలప్పుడు వరాకు తగిలి, కంకి తగిలి కన్ను చెడగొట్టుకున్నవాళ్ళని చూళ్ళేదేటి నువ్వు, ఆకు గీసిన చోట బూజు లాంటి ఫంగస్ పట్టిందంటే నెలల తరబడి మందులు. బండి మీద పురుగొచ్చి పడినా అంతే, లెన్సు మీద కన్ను నలిపేవంటే ఆ గీరుడు వేరే. గాలికి లెన్సు ఎండిపోతాది కూడా, మెత్తటి లెన్సుల్లో సగం నీళ్ళే కదా. కళ్ళజోడు కొత్తది చేయించుకుంటే మాత్రం గాజు అద్దాలు వద్దు, పాలికార్బనేట్ వేయమను, దెబ్బ తగిలినా ముక్కలవ్వదు.

ఇంకోటి, ఆన్‌లైన్లో తెప్పించుకున్నావంట, కళ్ళజోడు చీటీ చూసి అదే నంబర్ కొట్టేవా? నాకు కళ్ళజోడు మైనస్ 5 ఉన్నప్పుడు లెన్సు 4.75 ఇచ్చేరు. నాలుగు దాటిందంటే రెండూ ఒకటి కాదు, అద్దం కన్నుకి దూరంగా ఉంటాది, లెన్సు కన్నుని అంటుకుని ఉంటాది. నల్లగుడ్డు వంపు కొలవాలి, నీకు కొంచెం సిలిండర్, అదే నల్లగుడ్డు వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం, ఉంది కాబట్టి దానికి టోరిక్ అని వేరే లెన్సు ఉంటాది. ఇవేవీ చూపించుకోకుండా చెప్పులు కొన్నట్టు కొనేసేవు.

సరే, తిట్టడం ఆపేను. నీకెప్పుడూ చెప్పని సంగతొకటి ఇప్పుడు చెప్తాను. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని "అత్తా, నీ కంట్లో బియ్యపు గింజ పడిందేటి" అని అడిగేదానివి, నేను "చిన్నప్పుడు దెబ్బ తగిలిందమ్మా" అనేదాన్ని. దెబ్బ కాదు.

నాకు 1994లో వైశాఖంలో పెళ్ళయ్యింది. అప్పటికే నాది సోడాబుడ్డి కళ్ళజోడు, అది చూసి రెండు సంబంధాలు వెనక్కి వెళ్ళిపోయేయి. మూడోసారి మీ మావయ్యావాళ్ళు వస్తారనగా మీ తాతగారు అప్పుచేసి విశాఖపట్నంలో లెన్సులు కొన్నారు. అప్పట్లో ఒక జత ఏడాది వాడుకునేవాళ్ళం, నీలాగ నెలకొకటి పారేయడాల్లేవు. పెళ్ళిచూపులకి పెట్టుకున్నాను, పెళ్ళికీ పెట్టుకున్నాను, "వెళ్ళిన ఏడాది దాకా కళ్ళజోడు మాట ఎత్తకే" అని అమ్మ ఒట్టేయించుకుంది. కళ్ళజోడు సూట్‌కేసులో పట్టుచీరల అడుగున పెట్టి తాళం వేసేను.

ఇంక చూడు నా తిప్పలు. రాత్రి దీపాలార్పేక చీకట్లో లెన్సులు తీసి డబ్బీలో వేసి, ఆ డబ్బీ పౌడరు డబ్బాలో దాచి, తెల్లారకట్ట అందరికన్నా ముందు లేచి పెట్టుకునేదాన్ని. కొత్తకోడలు ఎంత పెందలాడే లేస్తాదో అని మా అత్తగారు అందరికీ చెప్పుకుని మురిసిపోయేది! తీసే వీలు లేని రోజుల్లో వాటితోనే పడుకునేదాన్ని. లెన్సులు నానబెట్టే మందు రెండు నెలల్లో అయిపోయింది, కళింగపట్నం పక్క పల్లెలో అది ఎవడమ్ముతాడు, నేనే నుయ్యి నీళ్ళు కాచి ఉప్పేసి అందులో వేసేదాన్ని. మరిగించిన నీళ్ళే కదా అనుకున్నాను. ఉప్పునీళ్ళు లెన్సుని తడుపుతాయి గానీ అందులో పురుగుని చంపవని నాకేటి తెలుసు.

కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ శాలిహుండం వనభోజనానికి వెళ్ళేం. కొండెక్కి ఆ బౌద్ధుల స్తూపాలు చూసి, ఉసిరి చెట్టు కింద తిని, పైనించి వంశధార చూసుకుంటూ ఎంత బాగుందో ఆ రోజు, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనపడతాది. సాయంత్రం కళింగపట్నం వెళ్ళి నది సముద్రంలో కలిసే చోట స్నానాలు. నాకు భయమేసింది, లెన్సు కొట్టుకుపోతాదని భయం, కన్ను పోతాదని కాదు. అందరూ మునుగుతుంటే నేనొక్కదాన్నే ఒడ్డున ఎలగుంటాను, మూడు మునకలేసేను. ఆ రాత్రి చుట్టాలింట్లో ఒకే గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళం పడుకున్నాం, లెన్సులు తీయలేదు. మర్నాడూ అక్కడే, మర్నాడూ తీయలేదు.

మూడోరోజు పొద్దున్న ఎడం కన్ను తెరవలేను. ఎర్రగా, నీళ్ళు కారుతూ, వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టు. అప్పుడు దొడ్డి వైపు వెళ్ళి లెన్సులు తీసేసేను. కళ్ళకలక అన్నారు. మా అత్తగారు పక్కింటి బాలెంతరాలి పాలు వేయించింది, ప్రేమతోనే, తప్పని ఆవిడకీ తెలీదు. మందులషాపులో చుక్కలమందు తెచ్చేరు, ఒక పూట హాయిగా ఉండి ఆ తర్వాత రెట్టింపయ్యింది. అవి స్టెరాయిడ్ చుక్కలు, పుండున్న కంట్లో వేయకూడదని తర్వాత తెలిసింది. అప్పుడు టౌనుకి తీసుకెళ్ళి కళ్ళడాక్టరుకి చూపించేరు. ఆయన టార్చి వేసి చూసి మొదట అడిగిన మాట, "లెన్సులు పెట్టుకుంటావామ్మా?" అని.

పక్కన మా అత్తగారు నించుంది బుజ్జీ. నేను "లేదండీ" అన్నాను.

అదీ నా తప్పు. స్నానం కాదు, ఉప్పునీళ్ళూ కాదు, అవన్నీ తెలీక చేసినవి. ఇది తెలిసి చేసేను. ఆయన మామూలు మందులిచ్చి పంపేరు. ఇంకో రెండ్రోజులు పోయేయి, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క లేచింది, పువ్వేసింది అన్నారు ఊళ్ళో. ఆ రాత్రి భరించలేక మీ మావయ్యకి చెప్పేసేను, సూట్‌కేసు తాళం తీసి కళ్ళజోడు చూపించేను. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు ఏటీ మాట్లాడలేదు. తర్వాత అద్దాలు పంచెతో తుడిచి నా మొహానికి పెట్టి "ఇప్పుడు నేను కనపడతన్నానా" అన్నాడు. తెల్లారి మొదటి బస్సుకి విశాఖపట్నం. అక్కడ కన్ను గీరి పరీక్షకి పంపేరు, బాక్టీరియా అన్నారు, నీళ్ళలో ఉండే అమీబా కాదు కాబట్టి అదృష్టవంతురాలివి అన్నారు. అకాంతమీబా అంటారంట, నుయ్యిలో, కుళాయిలో, సముద్రంలో, ఈత కొలనులో కూడా ఉంటాదంట, లెన్సు కింద చేరిందంటే నెలల తరబడి వదలదు. గంటగంటకీ చుక్కలు, పగలూ రాత్రీ. అలారం పెట్టుకుని లేచి మీ మావయ్యే వేసేవాడు, నిద్రలో ఒకసారి ముక్కులో వేసేసేడు, ఆ నొప్పిలోనూ నవ్వొచ్చింది నాకు.

పుండు మానింది, మచ్చ మిగిలింది. ఎదురుగా బండి లైటేస్తే ఇప్పటికీ ఎడం వైపంతా చెదిరిపోతాది. ఫోటోల్లో కుడి కన్నే కనపడేలా నేనెందుకు తిరుగుతానో ఇప్పుడర్థమయ్యిందా. "కళ్ళజోడని చెప్తే మేమేటి వద్దంటామేటి" అని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. నిజంగా వద్దనకపోయేవారో ఏమో నాకైతే తెలీదు.

అందుకే నాకు నీళ్ళంటే అంత చాదస్తం. నీకు పాములు చెప్పాలి, జారుడు రాళ్ళు చెప్పాలి, అవేవీ నాకు గుర్తుకు రావు, బారువ ఒక్కటే గుర్తొస్తాది. ఆ కొండ మీద పుట్టిన మహేంద్రతనయ కూడా బారువ దగ్గరే సముద్రంలో కలుస్తాది, నువ్వూ దాని వెనకే దిగుతావు కాబోలు. దిగు, మునుగు, నేనేం వద్దనను, కానీ లెన్సులు తీసి. కళ్ళు మూసుకుంటాలే అనకు, కెరటానికి నీ మాట వినపడదు.

లెన్సులు పెట్టుకోవాలనే ఉంటే ఇప్పుడు తెప్పించుకున్నవి పక్కన పెట్టేసి, కళ్ళు చూపించుకుని, ఒక్కరోజు వాడి పారేసేవి తీసుకో. పొద్దున్న పెట్టుకుని సాయంత్రం టెంట్ దగ్గర తీసి పారెయ్, దాచుకుని మర్నాడు పెట్టుకోకు, నీ పీనాసితనం నాకు తెలుసు. నెల లెన్సులైతే విప్పిన రోజు నించి నెల, పెట్టుకున్న రోజులు లెక్కపెట్టుకోకూడదు. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే ముట్టుకో. ముంత మసాలా తిన్న చేత్తో వద్దు, శానిటైజర్ రాసుకున్న చేత్తోనూ వద్దు, మంట పుట్టేస్తాది. కొండ మీద సబ్బూ నీళ్ళూ ఎక్కడ దొరుకుతాయని అడుగుతావు. అదే నేనూ అడుగుతున్నాను. నన్నడిగితే ఎక్కడానికి కళ్ళజోడే, వెనక తాడు కట్టుకుని.

ఏది పెట్టుకున్నా రెండో కళ్ళజోడు బ్యాగులో ఉండాలి, పైన జేబులో, బట్టల అడుగున కాదు. కన్ను ఎర్రబడినా, నొప్పున్నా, వెలుతురు చూడలేకపోయినా, లెన్సు తీసేసి ఆ రోజే కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళిపో, ట్రిప్పు పాడైపోతాదని చూడకు. అడిగినా అడక్కపోయినా "లెన్సు పెట్టుకున్నానండీ" అని మొదటి మాటే చెప్పు. పక్కన ఎవరున్నా సరే.

ఆ ఫ్రెండ్సులో ఎవడో ఉన్నాడని, వాడి ఫోటోల కోసమే ఈ లెన్సులని మీ అమ్మ అనుమానం. నేనడగను. ఉంటే మాత్రం నిన్ను కళ్ళజోడుతో ఒకసారి చూపించెయ్ వాడికి.

కళ్ళజోడు తాడు మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను, ఆదివారం వస్తానన్నాడు. నల్లది అడిగేను, దొరకలేదు, ఎర్రదే ఉంది. వచ్చేటప్పుడు మందస కోవా ఒక కేజీ పట్రా, మీ మావయ్యకి షుగరు, ఆయనకి చెప్పకు.

మీ అత్త