పాత రైఫిల్‌కి ఎంత ఇవ్వచ్చు? దానికోసం 401(కె) లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. నాకు 34 ఏళ్లు, హెచ్-1బి (తాత్కాలిక ఉద్యోగ) వీసా. నా భార్యకు ఉద్యోగం లేదు, మూడేళ్ల పాప ఉంది. నెలకు 5,200 డాలర్లు ఖర్చవుతుంది, బ్యాంకులో 6,000 ఉన్నాయి. లైసెన్స్ తీసుకుని ఆఫీసు మిత్రులతో జింకల వేటకు వెళ్తున్నాను. ఓక్లహోమాలో ఒక డీలర్ దగ్గర 1950ల నాటి వించెస్టర్ మోడల్ 70, థర్టీ-ఆట్-సిక్స్ క్యాలిబర్ (తూటా సైజు) రైఫిల్ ఉంది. పాత వీవర్ కె4 స్కోప్‌తో కలిపి 2,600 డాలర్లు చెప్తున్నాడు. స్టాక్ (భుజానికి ఆనించే భాగం) వెనక రబ్బరు ప్యాడ్ తర్వాత వేయించిందే. రిసీవర్ (బారెల్ వెనకుండే లోహపు భాగం) పక్కన రెండు అదనపు రంధ్రాలు కూడా ఉన్నాయి. ‘ప్రీ-64 (1964కి ముందు తయారైనది) కదా, ధర పెరగడమే తప్ప తగ్గదు’ అంటున్నాడు. ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా 401(కె) నుంచి లోన్ తీసుకుంటే వడ్డీ కూడా నాకే వస్తుంది కదా. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఈ ధరకైతే ఎప్పుడూ వద్దు. రైఫిళ్ల గురించి ఇక్కడ తరచుగా రాయను. కానీ మీరు చేయబోతున్న పొరపాటును గడియారాలు, పాత కార్లు, గిటార్ల విషయంలో చాలామంది చేస్తున్నారు. ‘పాతది, పేరున్నది, ధర పెరుగుతుంది’ అనే మాట నమ్మి, చేతిలో లేని డబ్బుతో కొనేస్తున్నారు. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

ముందు ధర సంగతి. మోడల్ 70 వచ్చింది 1936లో. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ డిజైన్ మార్చి, తూటాను గట్టిగా పట్టుకునే పెద్ద ఎక్స్‌ట్రాక్టర్‌ను తీసేసింది. అప్పటినుంచే అంతకుముందు తయారైనవాటికి గిరాకీ. అయితే సేకర్తలు పెద్ద ధర పెట్టేది ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు ఉన్న రైఫిల్‌కి. తర్వాత వేసిన ఒక్క రంధ్రం, ప్యాడ్ కోసం కోసిన స్టాక్, మళ్లీ వేయించిన బ్లూయింగ్ (లోహం మీది నల్లని పూత), వీటిలో ఏ ఒక్కటున్నా వాళ్లు పక్కన పెట్టేస్తారు. మీరు చెప్పినదానికి రెండు లోపాలు ముందే ఉన్నాయి. అంటే అది వేటకు వాడుకునే రైఫిలే తప్ప సేకరణ వస్తువు కాదు. పైగా థర్టీ-ఆట్-సిక్స్ ఆ మోడల్‌లో బాగా ఎక్కువగా తయారైన రకం, అరుదైనది కాదు. పాత స్కోప్ వల్ల కూడా ధర పెద్దగా పెరగదు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టిన ధరలు చూడకండి. ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. వేలం సైట్లలో నిజంగా అమ్ముడైనవాటిని వడకట్టి చూడండి. ఇదే క్యాలిబర్, ఇలాగే ప్యాడ్, రంధ్రాలు ఉన్నవి ఐదారు దొరికితే మధ్య ధర పట్టుకోండి. మార్పులున్న ఇలాంటి రైఫిల్‌కి మార్పుల్లేనిదాని ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నేనైతే 1,300 దగ్గర మొదలుపెడతాను. బారెల్ లోపల తుప్పు గుంటలున్నాయేమో, బోల్ట్ అడుగున గీసిన నంబరు రిసీవర్ సీరియల్ నంబరుతో కలుస్తుందో లేదో ఫొటోలు అడగండి. అవి పంపకపోతే బేరమే వద్దు. వేరే రాష్ట్రం నుంచి షిప్పింగ్‌లో తెప్పించుకుంటే మీ ఊళ్లో లైసెన్సున్న డీలర్ ద్వారానే తుపాకీ మీ చేతికి రావాలి. ఆయన ఫీజు, షిప్పింగ్, గన్‌స్మిత్ (తుపాకీ మెకానిక్) తనిఖీ, పాప ఉన్న ఇల్లు కాబట్టి తాళం వేసే సేఫ్, ఇవన్నీ కలిపితేనే అసలు ధర.

మీ వీసాకు సంబంధించిన మాట ఒకటి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. టెక్సస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొన్న రోజు ఉంటే చాలనుకోకండి, రెన్యూ చేయడం మర్చిపోతే ఇంట్లో ఉన్న రైఫిల్ మీ వీసాకే ముప్పు తెస్తుంది. కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఇక అసలు విషయం. మీ దగ్గరున్న 6,000 డాలర్లు నెలా వారం ఖర్చుకు మించి రావు. లేఆఫ్ వస్తే కొత్త ఉద్యోగం వెతుక్కుంటూ ఈ దేశంలో ఉండటానికి మీకు సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. ఆ రెండు నెలలు గడవాలంటేనే 10,400 కావాలి. కొత్త ఉద్యోగం దొరక్కపోతే ముగ్గురికీ టికెట్లు, లీజు మధ్యలో ఇల్లు ఖాళీ చేసినందుకు కట్టాల్సింది, ఆఫీసు ఇన్సూరెన్స్ ఆగిపోతే పాప వైద్యం ఖర్చు. ఇంట్లో రెండో జీతం లేదు. అందుకే మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 31,200 డాలర్లు, ఎమర్జెన్సీ ఫండ్‌గా ఉండాలని నా పట్టు. అమెరికాలో పుట్టిన మీ సహోద్యోగికి మూడు నెలలది సరిపోవచ్చేమో. ఆయన ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండి వెతుక్కోగలడు. మీకు ఆ వెసులుబాటు లేదు.

ఇలాంటి స్థితిలో 401(కె) లోన్ ఆలోచన ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. వడ్డీ మీకే వస్తుందన్నది నిజమే. కానీ చాలా ప్లాన్లలో ఉద్యోగం పోతే మిగిలిన బాకీ మొత్తం కట్టాల్సివస్తుంది. ట్యాక్స్ రిటర్న్ గడువులోపు కట్టలేకపోతే అది విత్‌డ్రాయల్ కింద లెక్క. దానిమీద ఆదాయపు పన్ను, మీ వయసుకు 10 శాతం పెనాల్టీ. డబ్బు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన నెలల్లోనే ఈ భారం మీద పడుతుంది. అప్పుడు రైఫిల్ అమ్మేద్దామంటారా? హడావుడిగా అమ్మితే డీలర్ తన లాభం పోను ఇచ్చేదే మీకు దక్కుతుంది. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ సంగతి అడగనే వద్దు.

వేట మానమనడం లేదు. ఈ సీజన్‌కు మిత్రుడి రైఫిల్‌తో, ఆయన పక్కనుండగా వెళ్లండి, లేదా కొత్తగా తయారైన మామూలు రకం తక్కువలో చూడండి. నెలకు 1,000 డాలర్లు విడిగా హై-యీల్డ్ (ఎక్కువ వడ్డీ ఇచ్చే) సేవింగ్స్‌లో వేయండి. ఐదో నెలకే 60 రోజుల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆఫీసు ఇచ్చే లైఫ్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి సొంతంగా టర్మ్ పాలసీకి ఈ వారమే అప్లై చేయండి. 31,200 నిండాక రైఫిల్ కోసం నెలకు 150 పక్కన పెట్టండి. ఆ డబ్బు జమైన రోజున రంధ్రాలు లేని మోడల్ 70 కోసం వెతకొచ్చు. చాలా రెంటర్స్ పాలసీలు (అద్దె ఇంట్లోని సామానుకు చేసే బీమా) చోరీకి గురైన తుపాకులకు 2,500 డాలర్ల దగ్గరే పరిమితి పెడతాయి, కొనేముందు మీ పాలసీ చూసుకోండి. డీలర్‌కు ఇప్పటికే అడ్వాన్స్ పంపి ఉంటే, వెనక్కి ఇస్తాడో లేదో ఈ రోజే ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.