స్టెంట్ వేసి నాలుగు నెలలైనా కుర్చీ వదలని భర్త

ప్రశ్న: మా వారికి 56 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అంతా బాగుందని డాక్టరు చెబుతున్నా ఈయన కుర్చీ వదలడం లేదు. నడవమంటే ‘మళ్లీ వస్తే?’ అంటారు. మందులు ఒక పూట వేసుకుంటే ఒక పూట మానేస్తారు. ‘నేనెలాగూ ఎక్కువ కాలం ఉండను’ అని రోజూ అదే మాట. ఈయన దిగులు స్వభావం వల్లే జబ్బు వచ్చిందని, మంచి ఆలోచనలు పెట్టుకుంటే అదే పోతుందని మా మరిది అంటాడు. అబ్బాయి డాలస్ నుంచి ధైర్యం చెప్పే వీడియోలు పంపిస్తుంటాడు. అవి చూస్తే ఈయనకు ఇంకా కోపం. ఈయన ఆలోచన మార్చడం ఎలా?
– ఒక సోదరి, కామారెడ్డి

జవాబు: అమ్మా, ముందు మీ మరిది మాట పక్కన పెట్టండి. గుండెపోటు ఎవరికి ఎందుకు వస్తుందో 52 దేశాల్లో పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. పొగ, మధుమేహం, రక్తపోటు, కొలెస్ట్రాల్, పొట్ట చుట్టూ కొవ్వు వంటి కారణాల సరసన మానసిక ఒత్తిడినీ అది చేర్చింది. అంతేగానీ, దిగులుపడే మనిషి జబ్బును చేతులారా తెచ్చుకున్నాడని ఎక్కడా లేదు. మంచాన పడి లేచిన మనిషిని పట్టుకుని ‘తప్పు నీదే’ అనడం ధైర్యం చెప్పడం ఎలా అవుతుంది?

అలాగని ఆశకూ గుండెకూ సంబంధం లేదనను. రెండు లక్షల ఇరవై తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న 15 అధ్యయనాల ఫలితాలను 2019లో కలిపి చూశారు. ఆశావహ దృక్పథం ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు 35 శాతం తక్కువగా కనిపించింది. అయితే 2015లో బ్రిటన్‌లో ఏడు లక్షల మందికి పైగా స్త్రీల వివరాలతో వచ్చిన మరో అధ్యయనం, అంతకుముందే ఉన్న అనారోగ్యాన్నీ అలవాట్లనూ లెక్కలోకి తీసుకుంటే, సంతోషంగా ఉన్నంత మాత్రాన ఆయుష్షు పెరిగినట్టు కనిపించలేదని తేల్చింది. నాకు ఈ రెండింటిలో వైరుధ్యం కనిపించదు. రేపటి మీద నమ్మకం ఉన్న మనిషి నడకకు వెళతాడు, మాత్ర మానడు, సిగరెట్టు ముట్టడు, కంటినిండా నిద్రపోతాడు. మేలులో పెద్ద వాటా ఈ పనులదే. ఎడతెగని భయంలో ఉన్నవారికి గుండె వేగమూ రక్తపోటూ పెరుగుతాయి, నిద్ర చెడుతుంది. అది కూడా నిజమే.

కాబట్టి ఆలోచన మార్చాలని చూడకండి, పని మొదలుపెట్టించండి. ధైర్యం అంగట్లో దొరికే సరుకైతే మీ అబ్బాయి ఈపాటికి పార్సిల్ పంపేవాడే. మీ వారి భయం చాలా మామూలుది. ఛాతీలో చిన్న పట్టు పట్టినా ‘అదే’ అనిపిస్తుంది. దానికి విరుగుడు మీ బుజ్జగింపు కాదు, గుండె డాక్టరు నోటి మాట. ఈసారి ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి, ఎన్ని నిమిషాలు నడవాలి, ఎంత ఆయాసం వస్తే ఆగాలి, ఎలాంటి నొప్పికి 108కి ఫోన్ చేయాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. తర్వాత ‘నడవండి’ అని పంపకుండా మీరూ చెప్పులు వేసుకోండి. మొదట వీధి చివరి వరకైనా చాలు. అలా రోజూ ఏమీ కాకుండా తిరిగి ఇంటికి వస్తుంటే ఆ భయం దానంతటదే పలచబడుతుంది.

మందుల విషయంలో మాత్రం కటువుగానే ఉండండి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా మానేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. నీరసంగా ఉందని మానేస్తున్నారేమో అడగండి. కొన్ని గుండె మందులతో నీరసం ఉంటుంది. మోతాదు మార్చాల్సింది డాక్టరే.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ‘ఎక్కువ కాలం ఉండను’ అన్న మాట. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు వస్తుంది. అది స్వభావం కాదు, వైద్యం ఉన్న జబ్బు. గడచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోయిందా? ఈ రెండింటిలో దేనికి అవునన్నా మానసిక వైద్యుడికి చూపించండి. గుండె రోగులకు సురక్షితమని పరీక్షించి చూసిన మందులు ఉన్నాయి. ఆయన వాడుతున్న మాత్రల చీటీ మాత్రం తప్పక చూపాలి. ఆ వైద్యంతో గుండెపోటు మళ్లీ రాదని హామీ ఇవ్వలేను, మనిషి తేరుకునే అవకాశం మాత్రం బాగా ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు నిద్ర పట్టని రాత్రి మీరు చేసినా తప్పులేదు.

స్కూటర్ ఎప్పుడు నడపవచ్చు, పనిలోకి ఎప్పుడు వెళ్లవచ్చు, దాంపత్యం వల్ల గుండెకు ఇబ్బందా అన్నవి చాలామంది మగవాళ్లు నోరు విప్పి అడగలేక లోలోపల నలిగిపోయే ప్రశ్నలు. ఆయన మొహమాటపడితే మీరే డాక్టరును అడగండి. వాళ్లకు ఇవేమీ కొత్త కాదు.