మెనోపాజ్ తర్వాత టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 51. ఏడేళ్ల కిందట గడ్డలున్నాయని గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. అప్పటి నుంచి దాంపత్యం మీదికి మనసు పోవడం లేదు. మా వారు ఏమీ అనరు, నాకే బాధగా ఉంది. బీచ్ రోడ్డులో వాకింగ్‌కు వచ్చే ఒకావిడ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ చేయించుకుంటే కోరికా, ఓపికా రెండూ వస్తాయంటున్నారు. అది మగవాళ్ల హార్మోన్ కదా, ఆడవాళ్లు వాడొచ్చా?
– ఒక సోదరి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు అడిగి మంచి పని చేశారు. మోకాళ్ల నొప్పులని వచ్చి, మందుల చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఈ సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదిది.

టెస్టోస్టెరాన్ ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటుంది. అండాశయాలు, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు దాన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తాయి. వయసుతో పాటు మెల్లగా తగ్గుతుంది తప్ప, ముట్లు ఆగిపోగానే ఒక్కసారిగా పడిపోదు. మీ సంగతి వేరు. రెండు అండాశయాలూ తీసేస్తే దాదాపు సగం ఒకేసారి పోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశంలో మనమే ముందు. అండాశయాలు ఉంచారో తీశారో కూడా చాలామందికి తెలియదు. మీకు తెలియడం నయం.

ముందుగా ఒకటి ఆలోచించండి. నిజంగా కోరికే లేదా, లేక కలిసినప్పుడు మంట, నొప్పి వల్ల భయమా? అండాశయాలతో పాటు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ కూడా పోతుంది కాబట్టి యోని పొడిబారుతుంది. నొప్పి ఉన్నచోటికి మనసు ఎలా పోతుందమ్మా? అదే కారణమైతే లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్‌తోనే చాలామందికి సర్దుకుంటుంది. థైరాయిడ్, రక్తహీనత, నిద్రలేమి, ఇంట్లో టెన్షన్, డిప్రెషన్ మాత్రలు కూడా కోరికను తగ్గిస్తాయి. ఇవన్నీ చూశాకే టెస్టోస్టెరాన్ మాట.

2019లో పలు దేశాల వైద్య సంఘాలు కలిసి తేల్చింది ఇది: మెనోపాజ్ (ముట్లు ఆగిపోవడం, మీలా రెండు అండాశయాలూ తీసేసినా అదే) తర్వాత కోరిక తగ్గి, ఆ లోటు ఆమెనే బాధపెడుతుంటే టెస్టోస్టెరాన్ ఇవ్వవచ్చు. ఓపిక కోసం, ఎముకల కోసం, మతిమరుపు కోసం ఇవ్వడానికి ఆధారాలు లేవు. ఫలితం కూడా ఓ మోస్తరే. ఉత్తుత్తి మందు వాడినవాళ్ల కంటే తృప్తికరమైన కలయికలు నెలకు సగటున సుమారు ఒకటి పెరిగాయి. కొందరికి అదే చాలా ఊరట.

ఇంజెక్షన్ మాత్రం వద్దు. మగవాళ్లకిచ్చే ఒక్క డోసులో 250 మిల్లీగ్రాములు ఉండొచ్చు. మీ ఒంట్లో రోజుకు అర మిల్లీగ్రాము కూడా తయారవదు. మోతాదు మించితే మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తాయి, గొంతు బొంగురుపోతుంది. గొంతు ఒకసారి మారిందంటే మందు ఆపినా మునుపటిలా కాకపోవచ్చు. టెస్టోస్టెరాన్ మాత్రలూ మంచివి కావు, కొలెస్ట్రాల్ మీద ప్రభావం చూపుతాయి.

ఆస్ట్రేలియాలో మహిళల కోసమే రోజుకు 5 మిల్లీగ్రాముల క్రీమ్ ఉంది. అలాంటిది దొరకనిచోట డాక్టర్లు మగవాళ్ల జెల్‌నే పదో వంతు వాడిస్తారు. 50 మిల్లీగ్రాముల సాచెట్ అయితే అది పది రోజులకు రావాలి, అంటే రోజుకు బఠానీ గింజంత. తొడ మీద రాసి, ఆరనిచ్చి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మనవలు ఒళ్లో కూర్చునేటప్పుడు ఆ చోటు వాళ్లకు తగలకూడదు. మొదలుపెట్టే ముందు, మళ్లీ మూడు నుంచి ఆరు వారాలకు రక్తపరీక్ష చేయించాలి. ఆరు నెలల్లో తేడా తెలియకపోతే ఆపేయాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఇది వద్దు.

విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) గైనిక్ ఓపీకో, మీకు నమ్మకమున్న గైనకాలజిస్ట్ దగ్గరికో ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, మీరు వాడే మాత్రల పట్టీలు పట్టుకుని వెళ్లండి. 44 ఏళ్లకే అండాశయాలు తీసేశారు కాబట్టి ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ గురించి కూడా అక్కడే అడగండి.